నాలుగో డిప్పులో తెల్ల చిగుళ్లు

ఆగస్టు 3, సోమవారం

ఈ పుస్తకంలో గాలి సంగతి తప్ప వేరే ఏదీ రాయకూడదని ఆఫీసు చెప్పింది. గాలి సంగతి రాస్తాను. దానికంటే ముందు, పదకొండేళ్లుగా గొంతులో ముల్లులా ఉన్నది ఒకటి రాస్తాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మూడో డిప్పు, అంటే బాయిలోకి ఏటవాలుగా దిగే మూడో సొరంగం, పేలినప్పుడు పంతొమ్మిది మంది పోయారు. విచారణ చేసిన సార్లు కాగితం మీద ఏం రాశారంటే, దీపంతో గాలి చూసే సర్దార్ గోదారి ఓదెలు చేతి దీపానికి అద్దం పగిలి ఉంది, ఆ మంట వల్లనే పేలింది అని. నా దీపం అద్దం పగలలేదు. పేలింది బొగ్గు పొడి. గోడకూ కప్పుకూ అంటుకుని ఉండే నల్ల పొడి గాలిలోకి లేచినప్పుడు, వైరు దగ్గర ఒక్క రవ్వ రాలినా చాలు, డిప్పంతా కొలిమి అవుతుంది. అందుకే మా తాతల కాలంలో బొగ్గు తవ్వేటప్పుడు గోడల మీద సున్నపురాయి పొడి చల్లేవాళ్లు. తెల్ల పొడి నల్ల పొడిని పైకి లేవనివ్వదు. నేల మీద ఎండకు తాళలేక జనమంతా ఈ బొగ్గు బాయిలోకి కాపురానికి వచ్చాక ఆ పని మానేశారు. తవ్వకం లేదు కదా, పొడి ఎందుకు అన్నారు. తవ్వినా తవ్వకపోయినా గోడ బొగ్గే.

ప్రతి ఏడూ అడిగాను. అడిగినప్పుడల్లా దీపం సర్దారు వచ్చాడని నవ్వారు. ఈ ఎండాకాలంలో ఒప్పుకున్నారు. రెండు నెలలుగా అన్ని డిప్పుల్లోనూ పొడి చల్లుతున్నారు. గోడలు పెళ్లింటి గోడల్లా ఉన్నాయి. పొడి చల్లించారంటే పేలింది బొగ్గు పొడేనని ఒప్పుకున్నట్టే. విచారణ కాగితంలో నా పేరు మాత్రం అలాగే ఉంది. దాన్ని కొట్టేయాలి. ఇంతే నా ముల్లు.

ఇక గాలి. ఒకటి, రెండు, మూడు డిప్పుల్లో దీపం మంట నిటారుగా నిలిచింది, గాలి మంచిదన్నమాట. మేం పీల్చే గాలి తొట్లలో పెంచే నాచు వదిలేదే; నాలుగో డిప్పు పై వరుస తొట్ల దగ్గరా మంట నిలిచింది. ఆ వరుస నాది. హైడ్రిల్లా నాచు ముదురు పచ్చగా ఉంది, లైట్లు వేయగానే ఆకుల నుంచి బుడగలు దారంలా లేచాయి. కింది వరుస బానక్కది. అక్కడ మంట కుంచించుకుపోయింది. ఆమె తొట్లలో చిగుళ్లు తెల్లబడుతున్నాయి, బుడగలు లేవడం లేదు. నాలుగో డిప్పు అడుగున పడుకునేవాళ్లు తలనొప్పితో లేస్తున్నామంటున్నారు.

ఆగస్టు 6, గురువారం

కింది వరుస చిగుళ్లు ఇంకా తెల్లబడ్డాయి. ఆకు మొత్తం పాల రంగు, ఈనెలు ఒక్కటే పచ్చ గీతల్లా మిగిలాయి. రిబ్బన్ నాచు కొత్త ఆకులు వేలెడంత పెరిగి ఆగిపోతున్నాయి. బానక్క తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చచ్చిన ఆకులు తీస్తోంది.

"ఏందే బానక్కా, చిగుళ్లకు పాలు తాపుతున్నవా?" అన్నాను.

"నువ్వు నీ తొట్లకు నెయ్యి తాపుతున్నవట గద బావా. గందుకే గట్ల నిగనిగలాడుతున్నయ్."

"మందు ఏస్తున్నవా లేదా?"

"ఏస్తలేనా? నీ కండ్ల ముంగటనే డబ్బాలకెల్లి చెంచా తీస్తున్న. కండ్లు గూడ దీపం లెక్కనే మసకైనయా?"

దీపం మాట ఎత్తితే నాకు మండుతుంది. ఆమెకు తెలుసు.

"పాత ఆకు పండితె యూరియా తక్వ," అన్నాను. "పాత ఆకుకు సూది బెజ్జాలు పడితె పొటాష్ తక్వ. చిగురు తెల్లగై ఈనెలు పచ్చగుంటె ఇనుము తక్వ. బడికి పోయే పోరలకు గూడ ఎర్కే."

"నాకూ ఎర్కే. ఇనుప మందు ఒక చెంచా ఏసేకాడ రెండేస్తున్న. పడ్తలేదు. నాచుకు నోరుంటె అడుగు, నాకు జెప్తలేదు."

బానక్క మొగుడు వీరస్వామి నా షిఫ్టులో పని చేసేవాడు, నన్ను అన్నా అనేవాడు. అందుకే ఆమె నన్ను బావా అంటుంది. పోయిన పంతొమ్మిది మందిలో అతను ఒకడు. విచారణ కాగితాన్ని ఆమె ఏనాడూ నమ్మలేదు. ఆ ఒక్క సంగతిలో తప్ప మాకు దేంట్లోనూ పొసగదు. నా వరుస పచ్చగా ఉండటానికి కారణం నా చెయ్యి. దానికి ఆమెకు ఈర్ష్య. ఇలా రాస్తే ఆమె ఊరుకోదు, రాశాను.

ఆగస్టు 8, శనివారం

ఈ రోజు దీపాలు దాచే లాంప్ రూములో పంచాయితీ పెట్టారు. నాలుగో డిప్పు అడుగున ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు, అందుకు. ఆఫీసు నడిపే పెద్దసారు రాలేదు. అండర్ మేనేజర్ ప్రణవి మేడమ్ వచ్చింది. పుట్టింది ఆఫీసర్ల ఇళ్ల లైన్లోనే అయినా డిప్పుల్లోకి దిగుతుంది, తొట్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంటుంది. తెలివైన పిల్ల. ముందు నన్ను పిలిచింది.

"సర్దార్ గారూ, చిగురు అలా తెల్లబడితే ఏ కొరత?"

"ఇనుము."

"ఖాయంగా?"

"ఇంక వేరే ఏదీ గట్ల కాదు."

"మీ తొట్లకూ, బానక్క తొట్లకూ మందు ఒకే డబ్బా నుంచేనా?"

"ఒకటే డబ్బా."

"మీ తొట్లు బాగున్నాయి."

"బాగుండక. నేను ఏస్తున్న గద."

అంతే అడిగింది. అంతే చెప్పాను. అబద్ధం ఒక్కటి లేదు. అక్కడున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఫీసర్ల లైన్లలో ఇళ్లల్లో కుండీలు పెట్టుకున్నవాళ్లు ఇనుప మందు చాటుగా కొంటారని అందరికీ తెలిసిందే. వేయాల్సింది వేయకుండా అమ్ముకుందని అనుకున్నారు.

"నేను ఇనుము తిన్ననా అమ్ముకున్ననా?" అంది బానక్క. "నా ఇంట్ల ఏమన్న మేడలు లేసినయా? మా అత్త చాప సూడున్రి, సగం చిరిగింది."

ఎవరో నవ్వారు. కానీ పిల్లలు పడిపోయాక జనానికి నవ్వు ఎక్కువసేపు నిలవదు. తొట్టి మందు దొంగతనానికి శిక్ష ఒక్కటే, పాత లిఫ్టులో మీదికి పంపడం. మీద పగటి ఎండలో మనిషి ఒక పూట నిలవడు. ఆగస్టు 28, శుక్రవారం అని రాశారు. అప్పటిదాకా లాంప్ రూములో ఇనుప జాలీ వెనక ఖైదులో ఉండాలి.

మాకు ఒక కట్టు ఉంది. ఎవరి మాట మీద మనిషి జాలీ వెనక్కి పోతే, ఆ ఇంటి పొయ్యి వాడే వెలిగించాలి. ఆ ఇంట్లోనే, ఆ ఇంటి గిన్నెల్లోనే, తన చేతితో వండాలి. మాట తేలిగ్గా ఆడకూడదని పెట్టిన కట్టు. బానక్క ఇంట్లో ఉన్నది ఆమె అత్త రాజవ్వ ఒక్కతే, చూపు ఆనదు. జాలీ పట్టుకుని బానక్క నాతో అంది: "బావా, మా అత్తకు పప్పు మెత్తగ ఉండాలె. పండ్లు లేవు. ఉడికిచ్చి సూడు, నీకు అప్పుడు ఎర్కైతది నా పని."

ఏమన్నదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 11, మంగళవారం

కింది వరుస తొట్లు నాకే అప్పజెప్పారు. నా చేతితోనే కొలిచి ఇనుప మందు వేస్తున్నాను. ఇక మూడు నాలుగు రోజుల్లో చిగుళ్లు పచ్చబడతాయి, దొంగ ఎవరో అందరికీ తేటతెల్లమవుతుంది అనుకున్నాను.

రాజవ్వ ఇల్లు నాలుగో డిప్పు అన్నిటికంటే అడుగున. కరెంటు పొయ్యి మీద పప్పు పెట్టాను. మొదటి షిఫ్టు సైరన్ తర్వాత పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా గింజకు గింజగానే ఉంది.

"కొడుకా, కంకర పెట్టినవేందిరా," అంది రాజవ్వ, నోట్లోంచి తీసి.

"రేషన్ పప్పు మంచిది లేదు పెద్దమ్మా."

"రేషన్‌ది ఏం తప్పు? రెండు నెలల సంది గీ పొయ్యి మీద ఏది ఉడుకది. నా కోడలు ఆఫీసర్ల లైన్ కాడికి వోయి, వాకిలి వాకిలి తిరిగి, బిందెడు నీళ్లు అడుక్కొస్తుండె. గవి పోస్తె ఎన్నముద్ద లెక్క ఉడుకుతుండె."

అదే పప్పు నా ఇంట్లో నిన్న చక్కగా ఉడికింది. నా ఇల్లు పై వరుస పక్కన. నీళ్లు బాయి కప్పులో ఊరే ఊట నుంచి పైపులో వస్తాయి. ఆ పైపు నా తొట్ల దగ్గర రెండుగా చీలుతుంది, ఒకటి నా తొట్లకు, రెండోది ఆఫీసర్ల లైన్లకు. కింది వరుసకూ, కింది ఇళ్లకూ నీళ్లు వచ్చేది అడుగున ఉన్న సంపు నుంచి.

రాజవ్వ గిన్నె అడుగున గోటితో గీకితే తెల్లగా పెచ్చు లేచింది. నోట్లో వేసుకున్నాను. సున్నం.

తొట్ల దగ్గరికి పోయి, బానక్క తొట్టి నుంచి తెల్ల చిగుళ్లు ఒక గుప్పెడు కోసి, బరువుకు రాయి కట్టి నా తొట్టిలో ముంచాను. నా తొట్టి నుంచి పచ్చవి ఒక గుప్పెడు ఆమె తొట్టిలో ముంచాను. మందు రెండింటికీ ఒకే కొలత. నేను ఎవరి మాటా నమ్మను. నా మాట కూడా ఒకసారి చూసుకుంటాను.

రాజవ్వను నా ఇంటికి వచ్చి పడుకోమన్నాను. కోడలు వచ్చేదాకా ఈ గడప విడవను అంది. కనీసం మంచం ఎక్కమన్నాను. నడుము నొప్పి, చాపే సుఖం అంది. చెడ్డ గాలి కిందికి దిగుతుంది, చాప మీద పడుకునేవాళ్లకే మొదట తగులుతుంది. ఆమెకు చెప్పాను. వినలేదు.

ఆగస్టు 19, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

నా తొట్టిలో ముంచిన తెల్ల గుప్పెడు కొత్తగా వేసిన చిగురు పచ్చగా ఉంది. బానక్క తొట్టిలో ముంచిన నా పచ్చ గుప్పెడు చిగురు తెల్లగా ఉంది, ఈనెలు పచ్చ గీతలు. మందు వేసింది నేనే. కొలిచింది నేనే. డబ్బా తాళం నా మొలతాడుకే ఉంది.

ఆమె తొట్టి అడుగున చెయ్యి పెట్టి తోడితే ఎర్రటి బురద వచ్చింది, మెత్తగా, తుప్పులాగా. నేను వేసిన ఇనుమూ అందులోనే ఉంది, బానక్క వేసిందీ అందులోనే ఉంది. నాచు నోటికి మాత్రం అందలేదు. నా తొట్టి అడుగు నల్లగా, ఎప్పటిలాగే ఉంది.

తర్వాత సంపు దగ్గరికి నడిచాను. పొడి చల్లే గ్యాంగు పని చేస్తోంది. గోడకు చల్లినప్పుడు కింద రాలిన పొడిని చివర్లో నీళ్లు కొట్టి కాలువలోకి తోస్తున్నారు. కాలువ పాలలా పారుతోంది. పోయి సంపులో పడుతోంది. సంపు నీళ్లు కింది వరుసకు.

గ్యాంగులో ఒకడు నన్ను చూసి, "సర్దారూ, పొడి సరిగ్గ సల్లుతున్నమా?" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు. నేనే వాళ్లకు చెయ్యి పట్టి నేర్పాను, కప్పుకు ఎంత, గోడకు ఎంత అని. సరిగ్గానే ఉందన్నాను.

నా తొట్లు పచ్చగా ఉన్నది కప్పు ఊట వల్ల. నా చెయ్యి వల్ల కాదు.

నాలుగో డిప్పు అడుగున మంట ఈ రోజు కందిగింజంత. ఇంకా తగ్గితే ఆరుతుంది.

ఆగస్టు 22, శనివారం

రెండు సీసాల్లో రెండు వరుసల నీళ్లు పట్టుకుని ప్రణవి మేడమ్ దగ్గరికి పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆమె వాదించలేదు. సీసాల్లో ఏదో మందు చుక్కలుగా వేసింది. పై వరుస నీళ్లు కొద్ది చుక్కలకే రంగు మారాయి. కింది వరుస సీసాలో వేస్తూనే ఉంది, మారడం లేదు. ఆమె మొహంలో రంగు మారింది.

"నేను ముందే చూడాల్సింది," అంది. "ఆకును చూశాను, నీళ్లను చూడలేదు. బాయి నీళ్లు పుల్లవి సర్దార్ గారూ. ఆ పులుపుకు సున్నపురాయి పొడి కరిగిపోతుంది. అంత సున్నం ఉన్న నీళ్లలో ఇనుము నిలవదు, తుప్పై అడుగుకు దిగుతుంది. బానక్క దొంగ కాదు."

"అయితె ఇడిసిపెట్టున్రి. గిప్పుడే."

"విడవాలంటే కారణం రాయాలి."

"రాయున్రి."

ఆమె తలుపు వేసి వచ్చింది.

"పొడి దండగ పని అని పెద్దసారు మొదటి రోజు నుంచీ అంటున్నారు. పొడి వల్ల తొట్లు చచ్చాయని నేను రాసిన రోజే ఆపించేస్తారు. ఆయనకు కావాల్సింది ఆ ఒక్క కాగితమే. ఆ తర్వాత గోడలు మళ్లీ నల్లబడతాయి. ఎక్కడో ఒక వైరు కాలుతుంది. మీకు నేను చెప్పాలా?"

నాకు చెప్పనక్కర్లేదు.

"ఇంకొకటి," అంది. చెప్పడం ఆమెకు ఇష్టం లేదు, అయినా చెప్పింది. "సున్నపు పొడి చల్లడమే తప్పు అని తేలితే, మూడో డిప్పు కాగితంలో మీ పేరు ఇక ఎవరూ కొట్టరు."

"పొడి సల్లుకుంట నాచు బతికే ఉపాయం లేదా అమ్మా?"

"తొట్లకు వేరే నీళ్లుండాలి. మనకు వేరే నీళ్లెక్కడివి?"

ఆమె జుట్టు తడిగా ఉంది, సబ్బు వాసన వస్తోంది. ఆమె వేరే నీళ్లెక్కడివని నిజంగానే అడిగింది. నేను కూడా లేవనే అనుకున్నాను.

రెండు రోజులు ఆగి చెప్తానన్నాను. నేను రాయమంటే రాస్తానంది. ఇంటికి వచ్చాను. అన్నం సయించలేదు. రాజవ్వకు మాత్రం నా ఇంటి నీళ్లు బిందెతో మోసుకుపోయి పప్పు వండి పెట్టాను. మెత్తగా ఉందంది. నా కోడలు చెయ్యి లెక్కనే ఉన్నది కొడుకా అంది.

ఆగస్టు 24, సోమవారం

రాజవ్వ పోయింది.

పొద్దున పొయ్యి వెలిగిద్దామని పోతే చాప మీద గోడవైపు తిరిగి ఉంది. పిలిచాను. దీపం కింద పెట్టి చూశాను. నేలకు ఆనించగానే మంట ఆరిపోయింది. నడుము ఎత్తులో పెడితే వెలిగింది. ఆమె మంచం మీద ఉంటే ఈ పొద్దు బతికి ఉండేది. గాలి బాగుంటే చాప మీద ఉన్నా బతికి ఉండేది. నేను శనివారం నుంచి ఆలోచిస్తూ కూర్చున్నాను.

కోడలు జాలీ వెనక ఉంది కాబట్టి స్నానం నేనే చేయించాను. పొయ్యి వెలిగించినవాడిదే ఆ పని కూడా. బిందెలో ఉన్నవి సంపు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురుగు రాలేదు, ఒంటి మీద తెల్లటి తెట్టులా పేరుకుంది. గుడ్డతో తుడవాల్సి వచ్చింది.

లాంప్ రూముకు పోయి బానక్కకు చెప్పాను. జాలీని రెండు చేతులతో పట్టుకుంది.

"మంచం మీద పండుకున్నదా?" అంది.

"చాప మీద."

"మొండిది. నేనున్ననాడు గూడ గంతే. ఎత్తి మంచం మీదేస్తె తిట్టుకుంట పండుకుంటుండె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి అడిగింది: "తానం పోసినవా?"

"పోసిన. నురుగు రాలే."

"సంపు నీళ్లతోనా?"

"నేనేడికెల్లి తెస్త వేరేవి?"

"ఏడికెల్లి తెస్తవా?" ఆమె గొంతు లేవలేదు, కానీ కాపలా మనిషి లేచి నిలబడ్డాడు. "బిందె చంకల పెట్టుకొని నేను తిరిగిన లైన్ల కాడికెల్లి తేవాలె. పొద్దుగాల ఒక తానం, మాపటికి ఒక తానం జేస్తరు వాళ్లు. కడుగు నీళ్లు గూడ గవే. గా పైపు నీ తొట్ల కాడనే గద చీలేది, రోజూ దాని మీద చెయ్యి పెట్టి కూసుంటవ్. లైన్ల దిక్కు వాల్వు బంద్ జేసి నా వరుసకు ఇడిస్తె పొడి సల్లినా నాచు సావదు. పొడి బంద్ జెయ్యొద్దు, నన్ను మీదికి పంపొద్దు. రెండూ అయితయ్."

రెండు నెలలు ఆ పైపు పక్కనే కూర్చున్నాను.

"వాళ్లు ఒప్పుకుంటరా?" అన్నాను.

"అడిగినవా?"

"లేదు."

"పదకొండేండ్లు పొడి అడిగినవ్ బావా. సిగ్గు లేకుంట అడిగినవ్, మంచిగనే అడిగినవ్. నీళ్లు అడుగుతందుకు నోరు పడిపోయిందా?"

"నీ కోసం అడుగుత."

"నా కోసం వద్దు. నీ మీసం నాకు ఎన్నడూ పడది, గది నీకు ఎర్కే. వీరస్వామి పోయిన బాయి ఇది, పిల్లలు పండుకునే బాయి ఇది. గందుకోసం అడుగు. ఇంకో మాట. మా అత్త లేదు. రేపటి సంది నా ఇంట్ల పొయ్యి నువ్వు ముట్టియ్యొద్దు."

సరేనన్నాను. రాజవ్వను అడుగు సొరంగంలో పెట్టి రాళ్లు పేర్చాం. కోడలిని ఆ రాళ్ల గోడ దాకా రానిచ్చారు, మట్టి వేయనివ్వలేదు.

ఆగస్టు 25, మంగళవారం

గాలి. నాలుగో డిప్పు అడుగున నేల మీద దీపం నిలవడం లేదు. మోకాలి ఎత్తులో బియ్యపు గింజంత మంట. అడుగున ఉన్న ఇళ్లవాళ్లను పిల్లలతో సహా పై వరుస దారిలో పడుకోబెట్టాను. అక్కడ చోటు లేదు, కూర్చుని నిద్రపోతున్నారు. కింది వరుసలో సగం తొట్లు మెత్తబడి తేలుతున్నాయి. మిగిలినవి ఈ వారం నిలుస్తాయి, పై వారానికి నేను హామీ ఇవ్వను.

ఈ కింద ఉన్నది ఆఫీసుకు. పెద్దసారే చదవాలి.

మొదటిది. బానక్క మందు దొంగిలించలేదు. నేను పంచాయితీలో ఇనుము తక్కువ అన్నాను. నిజమే అన్నాను. వేయలేదని నేను అనలేదు, కానీ అందరూ అలా అనుకుంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను, నా తొట్ల గొప్ప చెప్పుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీళ్ల పరీక్ష సంగతి ప్రణవి మేడమ్ ఈ పేజీ చివర తన చేతితో రాసి సంతకం పెట్టింది. నేను బలవంతం చేయలేదు. పుస్తకం ముందు పెడితే కాసేపు చూసి, "నీళ్ల సంగతి నేను రాస్తాను. వాల్వు సంగతి మీరు రాయండి. అది నేను రాస్తే మా లైన్ మొత్తం నా తలుపు ముందుంటుంది," అంది. తలుపు గడియ వేసి వచ్చి రాసింది.

రెండోది. తొట్లు చచ్చింది సున్నపు పొడి వల్లే. దాచడం లేదు. దాన్ని పట్టుకుని పొడి ఆపుతామంటారని తెలుసు. ఆపకూడదు. మూడో డిప్పులో మనుషుల్ని గోనెసంచుల్లో ఏరింది నేను, మీరు కాదు. పొడిని కాలువలోకి కడగడం మాత్రం ఆపండి. ఊడ్చి ఎత్తమని గ్యాంగుకు ఈ రోజే చెప్పాను, ఆఫీసును అడగకుండా చెప్పాను. ఇప్పటికే సంపులో ఉన్న సున్నం ఎక్కడికీ పోదు కాబట్టి, కింది వరుసకు కప్పు ఊట నీళ్లు కావాలి. ఆఫీసర్ల లైన్ల వాల్వు మూసి, ఆ నీళ్లు కింది తొట్లకు వదలండి. తాగడానికి మీకు బిందెలతో మోయిస్తాను. నేనూ మోస్తాను. స్నానానికి సంపు నీళ్లు వాడుకోండి. నురుగు రాదు, అంతే. మేం రెండు నెలలుగా అలాగే చేస్తున్నాం.

మూడోది. విచారణ కాగితంలో నా పేరు అలాగే ఉంచుకుంటారా, ఉంచుకోండి. ఇప్పుడు నేను అడుగుతున్నది అది కాదు. నేను ఒకటి వదులుకున్నాను కాబట్టి మీరు ఒకటి వదలాలని కూడా అనడం లేదు. బేరం కాదు ఇది. అడుగున పిల్లలున్నారు.

ఈ మాటలే పొద్దున ఆఫీసుకు నోటితో కబురు పంపాను; మధ్యాహ్నం ఆఫీసు గుమస్తా వచ్చి, పెద్దసారు ఆలోచిస్తారు, కమిటీ వేస్తారు అన్నాడు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందని అడిగాను. వచ్చే నెల మొదటి వారం అన్నాడు. లిఫ్టు ఎప్పుడని అడిగాను. శుక్రవారమే, అందులో మార్పు లేదన్నాడు. ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి నాకే చెప్పాడు, వాడికి ఏమీ అనిపించలేదు.

"కమిటి కూసునేసరికి ఎవలుంటరయ్యా ఈడ?" అన్నాను.

"నాకేం ఎర్క సర్దారూ, నేను చెప్పమన్నది చెప్పిన."

"నేను రాసింది గూడ తీస్కపో. మొత్తం తీస్కపో. మధ్యల పేజీ చింపినవనుకో, మల్ల రాస్త."

వాల్వు చక్రం ఊడదీసి ఆఫీసులో పెట్టుకున్నారని తెలుసు. చక్రం లేకపోయినా పానాతో తిరుగుతుంది. పానా తెచ్చుకున్నాను. ఈ రోజు నుంచి పైపు చీలిక దగ్గరే ఉంటాను, అన్నం కూడా అక్కడికే.

ఆగస్టు 27, గురువారం రెండో షిఫ్టు సైరన్ మోగే లోపు నాకు జవాబు కావాలి. కమిటీ అనే మాట జవాబు కాదు. వాల్వు తిప్పుతున్నాం, బానక్కను ఇంటికి పంపుతున్నాం అని రాతలో, పెద్దసారు సంతకంతో రావాలి.

రాకపోతే సైరన్ మోగుతుండగానే వాల్వు నేను తిప్పుతాను. అది నీళ్ల దొంగతనం అవుతుంది, దాని శిక్ష ఏమిటో నాకు తెలుసు. శుక్రవారం లిఫ్టులో ఇద్దరికి చోటు చూసి పెట్టండి. ఆ తర్వాత ఆ వాల్వు మళ్లీ మీ వైపు తిప్పడానికి మీలో ఎవరు దిగి వస్తారో, తొట్ల పక్కన కూర్చుని ఉన్న ఈ పిల్లల మధ్య నుంచి ఎవరు నడిచి వస్తారో, ఆ పేరు కూడా గురువారం లోపే రాసి పంపండి.